పిల్లలకి పెట్టిన కిడ్నీ ఎన్నేళ్లు నడుస్తుందో ముందే చెప్పగలమా?

పిల్లాడికో పాపకో కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ చేయాలి అనగానే ఇంట్లోవాళ్లు ముందు ఆపరేషన్ గురించి అడుగుతారు, ఆ భయం కాస్త తగ్గాక మాత్రం అందరూ అడిగేది ఒకటే, ఈ కిడ్నీ ఎన్నేళ్లు వస్తుంది అని. డాక్టర్ల జవాబు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, సగటున పన్నెండు పదిహేనేళ్లు, బతికున్న మనిషి ఇచ్చిందైతే ఇంకాస్త ఎక్కువ, మందులు సరిగ్గా వాడితే ఇంకా ఎక్కువ. ఇందులో అబద్ధం ఏమీ లేదు గానీ సగటు అన్న మాట వెనకాల చాలా దాగుంది, ఎందుకంటే ఒకే నెలలో ఒకే హాస్పిటల్లో ఆపరేషన్ అయిన ఇద్దరు పిల్లల్లో ఒకరి కిడ్నీ మూడేళ్లకే ఆగిపోవచ్చు, ఇంకొకరిది పాతికేళ్లు దాటినా నడుస్తూ ఉండొచ్చు, ఎవరు ఎటు వెళ్తారో ఆపరేషన్ రోజున చేతిలో ఉన్న రిపోర్టులు చూసి చెప్పడం దాదాపు కుదరదు. నాలుగైదేళ్లు పోయాక అదే పిల్లల గురించి చాలా మెరుగ్గా చెప్పొచ్చు. అంటే కిడ్నీ భవిష్యత్తుని తేల్చే విషయాల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ తర్వాతే పుడతాయి, మొదటిరోజు చెప్పే అంకెకి మనం ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నాం.

ముందు లెక్కలు చూద్దాం. ఇప్పుడు మంచి సెంటర్లలో పిల్లలకి పెట్టిన కిడ్నీల్లో 95 శాతానికి పైగా మొదటి ఏడాది దాటేస్తున్నాయి. అయిదేళ్లకి వచ్చేసరికి అది 80 నుంచి 90 మధ్యకి, పదేళ్లకి సుమారుగా 60 నుంచి 75 మధ్యకి దిగుతుంది, దేశాన్ని బట్టీ కిడ్నీ ఎక్కడినుంచి వచ్చిందన్నదాన్ని బట్టీ అటూఇటూ అవుతుంది. 1980ల్లో సైక్లోస్పోరిన్, 1990ల్లో టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ లాంటి ఇమ్యూనిటీని అణిచే మందులు వచ్చాక మొదటి ఏడాదిలో వచ్చే రిజెక్షన్లు, అంటే శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేయడం, బాగా తగ్గిపోయాయి, అందుకే ఆ మొదటి అంకె అంత ధైర్యంగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఏటా కొన్ని చొప్పున పోయే కిడ్నీల సంగతి మాత్రం అంత వేగంగా బాగుపడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇరవై ఏళ్ల ఫలితం చెప్పాలంటే ఇరవై ఏళ్ల కిందట ఆపరేషన్ అయిన పిల్లల్నే చూడాలి కదా, వాళ్లు వాడిన మందులు వేరు, అప్పటి యాంటీబాడీ టెస్టులు వేరు, వైరస్‌ల మీద నిఘా వేరు. ఉత్తర అమెరికాలో పిల్లల ట్రాన్స్‌ప్లాంట్ల కోసం ప్రత్యేకంగా రిజిస్ట్రీ మొదలైందే 1987లో. కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ అయ్యే పాపకి చెప్పే దూరపు అంకె నిజానికి ఆమె కంటే ఒక తరం ముందు పిల్లలది, ఆమెకి అంతకంటే బాగుండే అవకాశమే ఎక్కువ, ఎంత బాగుంటుందన్నది మాత్రం ఎవరూ కొలిచి చూపించలేరు, ఆ ఇరవై ఏళ్లు ఇంకా గడవలేదు మరి.

పెద్దవాళ్లకీ పిల్లలకీ అసలైన తేడా కాలంలోనే ఉంది. అరవై ఏళ్ల మనిషికి పదిహేనేళ్లు నడిచిన కిడ్నీ అంటే చాలాసార్లు జీవితాంతం నడిచినట్టే. ఆరేళ్ల పిల్లకి అదే పదిహేనేళ్లు అంటే ఇరవై ఒకటో ఏట మళ్లీ డయాలసిస్ దగ్గరికి రావడం, అదీ చదువు మధ్యలోనో ఉద్యోగంలో చేరే టైమ్‌లోనో. చిన్నప్పుడే కిడ్నీ పాడైనవాళ్లకి జీవితంలో రెండు మూడు కిడ్నీలు కావాల్సి రావడం మామూలే. పైగా మొదటి కిడ్నీ ఎలా పోయింది అన్నదాన్ని బట్టే రెండోది ఎంత తేలిగ్గా దొరుకుతుందన్నది ఉంటుంది. రిజెక్షన్‌తో పోతే కణాల మీద ఉండే గుర్తింపు ప్రోటీన్లయిన హెచ్‌ఎల్‌ఏ మీద దాడి చేసే యాంటీబాడీలు రక్తంలో మిగిలిపోతాయి, అప్పుడు వందమంది డోనర్లలో తొంభైమంది కిడ్నీలు ఆ శరీరానికి పనికిరాకపోవచ్చు. కాబట్టి ఈ కిడ్నీ ఎన్నేళ్లు అని ఒక్క ప్రశ్నే అడగడం పిల్లల విషయంలో చిన్న ప్రశ్న అడగడమే, అరవై డెబ్భై ఏళ్ల జీవితాన్ని ఎన్ని కిడ్నీలతో, మధ్యలో ఎంత డయాలసిస్‌తో దాటించగలం అన్నది దానికంటే పెద్ద ప్రశ్న, కిడ్నీ ఎంతకాలం నడుస్తుందో లెక్కగట్టే ప్రిడిక్షన్ మోడళ్లలో మాత్రం ఎక్కువ భాగం మొదటిదానికే జవాబు వెతుకుతాయి.

ఆపరేషన్ రోజుకి తెలిసేవి ఏంటో చూస్తే, డోనర్ బతికున్న మనిషా కాదా, డోనర్ వయసు, కిడ్నీ ఎన్ని గంటలు ఐస్‌లో ఉంది, హెచ్‌ఎల్‌ఏ ఎంత కలిసింది, పిల్లాడు అప్పటికే ఎన్ని నెలలు డయాలసిస్ మీద ఉన్నాడు, ముందు రక్తం ఎక్కించారా, ఇవీ. ఇవన్నీ పనికొచ్చేవే. డయాలసిస్ దాకా రానీకుండా ముందే చేసిన ట్రాన్స్‌ప్లాంట్లకి ఫలితాలు మెరుగ్గా ఉంటాయని చాలా చోట్ల కనపడింది. డోనర్ కిడ్నీ క్వాలిటీకి అమెరికాలో కేడీపీఐ అని ఒక స్కోరు వాడతారు, 0 నుంచి 100 దాకా, ఎంత తక్కువైతే అంత మంచిది, 2014 డిసెంబర్ నుంచి అక్కడ 35 లోపు స్కోరున్న కిడ్నీల్లో పిల్లలకి ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి నడుస్తోంది. కానీ ఆ స్కోరు కట్టింది పెద్దవాళ్లకి జరిగిన ట్రాన్స్‌ప్లాంట్ల డేటా మీద. పది కేజీల పిల్లాడి పొట్టలో ఆ కిడ్నీ ఎలా ఇముడుతుంది, ఆ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే రిస్క్ ఎంత అన్నది ఆ స్కోరు లెక్కలో లేదు. అదే స్కోరుని పిల్లలకి అలాగే అతికించేస్తే వచ్చే అంకె చూడ్డానికి సైంటిఫిక్‌గానే ఉంటుంది గానీ నమ్మకం మాత్రం సగమే.

ఇక అసలు రోగం. పెద్దవాళ్లలో షుగర్, బీపీ వల్ల కిడ్నీలు పోవడం ఎక్కువ, పిల్లల్లో అవి దాదాపు ఉండవు, పుట్టుకతోనే కిడ్నీలు, మూత్రనాళాలు సరిగ్గా ఏర్పడకపోవడం పెద్ద కారణం. ఇలాంటి పిల్లలకి ఒక అదృష్టం ఏంటంటే ఆ లోపం కొత్త కిడ్నీలోకి తిరిగి రాదు. అయితే మగపిల్లల్లో మూత్రం దారిలో పుట్టుకతో అడ్డుపొరలు ఉండి బ్లాడర్ గట్టిపడిపోయి ఉంటే, ఆ బ్లాడర్ కొత్త కిడ్నీని కూడా మెల్లగా నొక్కేస్తుంది, ఇన్ఫెక్షన్లు వస్తూనే ఉంటాయి, కాబట్టి కిడ్నీ భవిష్యత్తు చూడాలంటే బ్లాడర్ టెస్టు కూడా చూడాలి, ఇది చాలా మోడళ్లలో అసలు కాలమ్‌గానే ఉండదు.

ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే రోగం దీనికి పూర్తిగా ఎదురు. మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోయి కిడ్నీ గట్టిపడే రోగం ఇది, మొదటి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత సుమారు 30 శాతం మందిలో తిరిగొస్తుంది, ఒక్కోసారి ఆపరేషన్ అయిన గంటల్లోనే మూత్రంలో ప్రోటీన్ మొదలైపోతుంది. ఒకసారి అలా వచ్చి కిడ్నీ పోయినవాళ్లకి రెండోసారి కూడా వచ్చే ఛాన్స్ 80 శాతం దాకా ఉంటుంది. కానీ అదే పేరున్న రోగం పోడోసిన్ జీన్ రెండు కాపీలూ పాడవ్వడం వల్ల వస్తే తిరిగిరావడం చాలా అరుదు, ఎందుకంటే లోపం పాత కిడ్నీ కణాల్లోనే ఉంది, కొత్త కిడ్నీ కణాలు వేరే మనిషివి. బయాప్సీ అని సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి, భవిష్యత్తు మాత్రం పగలూ రాత్రీ అంత తేడా. ఒక్క జీన్ టెస్టు చెప్పేంత సమాచారం ఇక్కడ ఇంకే స్కోరూ చెప్పదు. హైపర్‌ఆక్సలూరియా టైప్ 1లో అయితే తప్పు లివర్‌లో ఉంటుంది, లివర్ ఆక్సలేట్ తయారు చేస్తూనే ఉంటే కొత్త కిడ్నీని కూడా ఆ స్ఫటికాలు నింపేస్తాయి, అందుకే లివర్, కిడ్నీ రెండూ మార్చేవాళ్లు, 2020లో లుమాసిరాన్ అనే మందు వచ్చాక ఆ లెక్కలన్నీ మళ్లీ రాసుకోవాల్సి వస్తోంది. ఇమ్యూనిటీలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్ల జీన్ లోపంతో కిడ్నీ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ఎటిపికల్ హెచ్‌యూఎస్ అనే రోగంలోనూ అంతే, దానికి ఎకులిజుమాబ్ అనే మందు రాకముందు అంకెలు ఇప్పుడు చెప్పడం అన్యాయం.

రోగం తిరిగి రావడం అన్నది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 1954 డిసెంబర్‌లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే టీమ్ చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ అచ్చంగా ఒకేలా పుట్టిన కవల అన్నదమ్ముల మధ్య, రిజెక్షన్ అన్న ప్రశ్నే లేదు. అయినా ఆ కిడ్నీ తీసుకున్నతను ఎనిమిదేళ్లే బతికాడు, పాత కిడ్నీ రోగం కొత్త కిడ్నీలో కూడా కనిపించింది. మ్యాచింగ్ ఎంత పర్ఫెక్ట్‌గా ఉన్నా అది కథలో ఒక భాగమే అని మొదటి కేసే చెప్పేసింది.

ఇప్పుడు కొలత గురించి, ఇది కాస్త నిదానంగా చూడాల్సిన చోటు. కిడ్నీ ఎలా ఉందో చూడ్డానికి అందరూ నమ్ముకునేది క్రియాటినిన్. అది కండరాల నుంచి వచ్చే పదార్థం, కండ ఎంత ఉంటే అంత తయారవుతుంది, కాబట్టి చిన్నపిల్లల్లో మామూలుగానే తక్కువ. పెద్దవాళ్ల రిపోర్టులో 0.8 కనపడితే అంతా బాగుంది అనుకుంటాం. పిల్లలకి వాడే ష్వార్జ్ ఫార్ములా 2009 నుంచి ఇలా ఉంది, ఎత్తుని సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగించాలి. 120 సెంటీమీటర్ల పిల్లాడికి 0.8 ఉంటే జీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతుందో చెప్పే అంకె, 62 వస్తుంది, 90 సెంటీమీటర్ల పాపకి అదే 0.8 ఉంటే 46 మాత్రమే. లాబ్ రిపోర్టులో పక్కన పెద్దవాళ్ల నార్మల్ రేంజ్ ప్రింట్ అయి ఉంటే ఆ 0.8 పక్కన ఎర్ర గుర్తు కూడా పడదు. ఇంకా, పిల్లలు ఎదుగుతుంటే కండ పెరుగుతుంది, క్రియాటినిన్ దానంతటదే పెరుగుతుంది, ఇది ఎదుగుదలా లేక కిడ్నీ తగ్గుతోందా అన్నది ఒక్క రీడింగ్‌తో తేలదు. స్టెరాయిడ్ వల్ల ఎత్తు ఆగిపోయి కండ తగ్గిన పిల్లల్లో అంకె ఇంకా మోసం చేస్తుంది. సిస్టాటిన్ సీ అనే ఇంకో టెస్టు కండ మీద ఆధారపడదు గానీ స్టెరాయిడ్ డోసు, థైరాయిడ్ దాన్ని కదిలిస్తాయి, అంటే ఏదీ పూర్తిగా శుభ్రమైన కొలత కాదు.

అంతకంటే గమ్మత్తయిన సమస్య సైజుది. రెండేళ్ల పిల్లకి అమ్మో నాన్నో ఇచ్చిన పెద్ద కిడ్నీ పెడితే ఆ చిన్న శరీరానికి అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఫిల్టర్లు లోపలికి వస్తాయి. అందులో కొన్ని రిజెక్షన్ వల్ల పాడైపోతున్నా మిగతావి లాగించేస్తాయి, క్రియాటినిన్ కదలదు, నిండు చెరువులోంచి రోజుకి పది బిందెలు తోడితే మట్టం తగ్గినట్టు తెలుస్తుందా, అలాగే. అంకె పెరిగిందని కనిపెట్టేసరికి నష్టం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. అందుకే కొన్ని సెంటర్లు అంతా బాగున్నట్టు కనిపిస్తున్నా సరే ముందే అనుకున్న నెలల్లో బయాప్సీ తీస్తాయి, పైకి ఏ సూచనా లేకుండా లోపల నడిచే రిజెక్షన్ కొంతమంది పిల్లల్లో అలాగే దొరుకుతుంది. అన్ని సెంటర్లూ తీయవు, మత్తు ఇచ్చి సూది గుచ్చాలి కాబట్టి తల్లిదండ్రులకి ఒప్పుకోవడం కష్టం, అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్రిడిక్షన్ పరంగా చూస్తే బయాప్సీ లేని డేటా మీద కట్టిన పిల్లల మోడల్, సమస్య పైకి తేలేదాకా ఆగి చూసే మోడల్ అవుతుంది.

ఇంత కష్టం ఉన్నా ఒక మంచి మాట, చాలా చిన్న వయసులో పెద్దవాళ్ల కిడ్నీ అందుకున్న పిల్లలు మొదటి ఏడాదిలో రక్తం గడ్డకట్టే రిస్క్, ఆపరేషన్ రిస్క్ దాటేస్తే, ఆ తర్వాత చాలాకాలం వాళ్ల ఫలితాలే అన్ని వయసుల్లోకీ బాగుంటాయి. ఒకప్పుడు అయిదేళ్ల లోపు పిల్లలకి చేయడానికే భయపడేవాళ్లు, ఇప్పుడు బొమ్మ తిరగబడింది. మందులు ఇంట్లో పెద్దవాళ్లు వేస్తారు కాబట్టి డోసు తప్పదు అన్నది అందులో ఒక కారణం.

యాంటీబాడీల సంగతి లేకుండా ఈ టాపిక్ పూర్తవదు. పదేళ్ల తర్వాత పోయే కిడ్నీల్లో పెద్ద భాగం యాంటీబాడీల వల్ల మెల్లగా జరిగే రిజెక్షన్‌దే. ఆపరేషన్ టైమ్‌లో లేకుండా తర్వాత కొత్తగా డోనర్ హెచ్‌ఎల్‌ఏ మీద పుట్టే యాంటీబాడీలు, అందులోనూ డీక్యూ అనే రకం హెచ్‌ఎల్‌ఏ మీద పుట్టేవి, అన్నింటికంటే ఎక్కువ కనపడతాయి. ఏ, బీ, డీఆర్ అనే మూడు రకాల హెచ్‌ఎల్‌ఏలో రెండేసి చొప్పున పాత పద్ధతిలో ఆరింటి మ్యాచ్ చూసినప్పుడు ఈ డీక్యూ లెక్కలోకే వచ్చేది కాదు. ఇప్పుడు ఎప్లెట్లు అని హెచ్‌ఎల్‌ఏ అణువు మీద చిన్న చిన్న భాగాల స్థాయిలో తేడాలు లెక్కేస్తున్నారు, ఆ తేడాలు ఎక్కువున్నవాళ్లకి కొత్త యాంటీబాడీలు వచ్చే రిస్క్ ఎక్కువ అని బాగానే తేలింది. ఇది ఆపరేషన్ రోజునే తెలిసే సమాచారం, భవిష్యత్తు గురించి కొంచెం గట్టిగానే చెప్తుంది, పైగా ముందు ముందు రెండో కిడ్నీ అవసరమయ్యే పిల్లల్లో దీనికి పెద్దవాళ్లకంటే విలువ ఎక్కువ. కానీ ఎప్లెట్ తేడా ఎక్కువున్నా మందు లెవెల్ సరిగ్గా ఉన్నంతకాలం శరీరం సద్దుకునే ఉంటుంది చాలామందిలో, లెవెల్ పడిపోయినప్పుడే ఆ తేడా కాటేస్తుంది. ఇక్కడినుంచి కథ మందుల డబ్బా దగ్గరికి వస్తుంది.

అమెరికా రిజిస్ట్రీ డేటాలో స్పష్టంగా కనిపించిన ఒక విషయం ఏంటంటే, ఆపరేషన్ ఏ వయసులో అయినా సరే, కిడ్నీ పోయే రిస్క్ అన్నింటికంటే ఎక్కువ ఉండేది 17 నుంచి 24 ఏళ్ల మధ్య. మూడేళ్లకి పెట్టించుకున్న పిల్లకైనా పద్నాలుగేళ్లకి పెట్టించుకున్నవాడికైనా ఆ కిటికీ అదే. మూడేళ్ల పిల్ల విషయంలో అది ఆపరేషన్ నుంచి పద్నాలుగేళ్ల దూరంలో ఉంది, మొదటిరోజు చేసే ఏ ప్రిడిక్షన్‌కి అయినా ఆ పద్నాలుగేళ్ల తర్వాత ఆ అమ్మాయి ఎలా ఉంటుందో, ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది?

ఈ వయసు గురించి మాట్లాడేటప్పుడు పిల్లలు మందులు ఎగ్గొడతారు అని ఒక్క ముక్కలో తేల్చేయడం అలవాటైపోయింది. ఎగ్గొట్టడం నిజమే, టీనేజ్ పిల్లల్లో సుమారు మూడో వంతు మంది సరిగ్గా వాడరని చాలా చోట్ల లెక్క తేలింది. కానీ ఎందుకు అన్నది అడిగితే, స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బుతుంది, మొటిమలొస్తాయి, సైక్లోస్పోరిన్ రోజుల్లో ఒళ్లంతా వెంట్రుకలు, చిగుళ్ల వాపు కూడా ఉండేవి, క్లాసులో అందరికంటే పొట్టిగా ఉన్నవాడికి ఇంకో తేడా ఎందుకు అనిపించడంలో వింతేముంది. ఒకటి రెండు రోజులు మానేస్తే ఏమీ అవ్వదు, అదే అసలు ప్రమాదం, ఏమీ అవ్వలేదు కదా అన్న ధైర్యం వచ్చేస్తుంది. దీనికి తోడు అదే వయసులో పిల్లల డాక్టర్ దగ్గరినుంచి పెద్దల డాక్టర్ దగ్గరికి మారాలి, పదేళ్లుగా పేరు పెట్టి పిలిచే నర్స్ ఉండదు, అపాయింట్‌మెంట్ తనే తీసుకోవాలి, కొన్ని దేశాల్లో ఇన్సూరెన్స్ కూడా అప్పుడే ఆగుతుంది. అంటే తప్పు మొత్తం ఆ కుర్రాడి నెత్తిన వేయడం కుదరదు, సిస్టమ్ కూడా సరిగ్గా ఆ టైమ్ చూసుకునే చేయి వదిలేస్తోంది. పిల్లల డాక్టర్, పెద్దల డాక్టర్ కలిసి ఒకే క్లినిక్‌లో చూసి మెల్లగా అప్పజెప్పే పద్ధతి ఉన్న చోట్ల ఫలితం మెరుగ్గా ఉందని రిపోర్టులున్నాయి, సంఖ్యలు చిన్నవే అయినా.

మందు సరిగ్గా వాడుతున్నారా లేదా అని అడిగితే అందరూ వాడుతున్నాం అనే అంటారు. అందుకే టాక్రోలిమస్ లెవెల్స్‌లో ఊగిసలాటని చూడ్డం మొదలైంది. ఒకమ్మాయికి నాలుగు విజిట్లలో 6.5, 7, 7.5, 7 వచ్చాయి అనుకుందాం, ఇంకో అబ్బాయికి 4, 9, 5, 10. రెండిట్లోనూ సగటు 7, ఒక్కో రీడింగ్ విడిగా చూస్తే పెద్ద గోల కూడా లేదు, కానీ సగటు చుట్టూ తేడాని శాతంలో లెక్కేస్తే అమ్మాయిది 10 లోపే, అబ్బాయిది 30 దాటిపోతుంది. ఈ శాతం 30 దాటినవాళ్లలో కొత్త యాంటీబాడీలు, రిజెక్షన్, కిడ్నీ పోవడం ఎక్కువగా కనిపిస్తాయి, పిల్లల్లో కూడా. ఖరీదైన మెషీన్ ఏమీ అక్కర్లేదు, ఫైల్లో ఉన్న పాత రిపోర్టుల అంకెలే, కాస్త లెక్క వేస్తే చాలు. ఇంత చవకైన సూచన చాలా క్లినిక్‌లలో లెక్క వేయకుండా ఫైల్లోనే పడి ఉండటం మాత్రం ఒప్పుకోలేని సంగతి. ఒక జాగ్రత్త చెప్పాలి, ఊగిసలాట ఉందంటే ప్రతిసారీ మందు మానేసినట్టు కాదు, విరేచనాలు పట్టుకున్నా, ఫంగస్ మందో కొన్ని యాంటీబయాటిక్‌లో వాడినా, కంపెనీ మార్చినా లెవెల్ మారుతుంది, సీవైపీ3ఏ5 జీన్ తీరు వల్ల కొందరికి మందు తొందరగా అరిగిపోయి డోసు ఎక్కువ కావాలి, చిన్నపిల్లల్లో అసలే తొందరగా అరుగుతుంది. అంకె చూసి పిల్లాణ్ని నిలదీయడం కంటే కారణం వెతకడం మేలు.

మరి మందు డోసు పెంచేసి రిస్క్ లేకుండా చేసేయొచ్చు కదా అంటే, అక్కడ వైరస్‌లు ఉన్నాయి. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఈబీ వైరస్ ఎప్పుడో చిన్నప్పుడే సోకి ఉంటుంది, చిన్నపిల్లల్లో చాలామందికి ఇంకా సోకి ఉండదు, పెద్దవాళ్ల కిడ్నీతో పాటు ఆ వైరస్ మొదటిసారి శరీరంలోకి వస్తుంది, అదీ ఇమ్యూనిటీని మందులతో పూర్తిగా అణిచేసిన టైమ్‌లో. అలాంటి కొందరిలో అది పీటీఎల్‌డీ అనే లింఫోమా లాంటి జబ్బుకి దారితీస్తుంది, పిల్లల్లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వచ్చే క్యాన్సర్లలో ముఖ్యమైనది ఇదే. బీకే వైరస్ అయితే నేరుగా కిడ్నీనే తినేస్తుంది. రెండిటికీ మొదటి వైద్యం మందులు తగ్గించడమే, తగ్గిస్తే రిజెక్షన్ తలెత్తుతుంది. కిడ్నీ ఒక్కటే ఫలితంగా చూసే మోడల్, ఎక్కువ మందు ఇచ్చిన పిల్లలకి మంచి మార్కులు వేసేసే ప్రమాదం ఉంది. ఎత్తు ఎంత పెరిగారు, గుండె ఎలా ఉంది, బీపీ కంట్రోల్లో ఉందా, ఎన్నిసార్లు హాస్పిటల్లో పడుకున్నారు అన్నవి కూడా ఫలితాలే, ఇవి రిజిస్ట్రీలో సరిగ్గా నింపరు, నింపని దాన్ని ఏ మోడలూ ఊహించలేదు.

మోడళ్ల గురించి. ఇప్పుడు అందరికంటే ఎక్కువ పేరున్నది ఐబాక్స్, పారిస్ ట్రాన్స్‌ప్లాంట్ గ్రూప్ తయారు చేసి 2019లో బీఎమ్‌జే అనే మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. అది వాడేవి, ట్రాన్స్‌ప్లాంట్ నుంచి ఎంతకాలం అయింది, జీఎఫ్‌ఆర్, మూత్రంలో ప్రోటీన్, డోనర్ మీద యాంటీబాడీల బలం, బయాప్సీలో మచ్చ, వాపు ఎంత అన్న గుర్తులు. గమనిస్తే ఇందులో డోనర్ వయసు, ఐస్‌లో గంటలు లాంటి మొదటిరోజు అంకెలు లేవు, వాటి ప్రభావం ఏదైనా ఉంటే తర్వాతి కొలతల్లోకి వచ్చేసే ఉంటుంది కాబట్టి విడిగా అక్కర్లేకపోయింది. దాన్ని పెద్దవాళ్ల డేటాతో కట్టినా తర్వాత పిల్లల్లో కూడా పరీక్షించి చూశారు, బాగానే పనిచేసింది. 2022లో యూరప్ మందుల ఏజెన్సీ దీన్ని కొత్త మందుల ట్రయల్స్‌లో రెండో వరస కొలతగా వాడుకోవచ్చని ఒప్పుకుంది, పదేళ్లు ఆగకుండా ఒకటి రెండేళ్లలోనే మందు మంచిచెడ్డలు అంచనా వేయడానికి.

ఇలాంటి మోడల్‌కి సీ స్టాటిస్టిక్ 0.81 అని రాస్తారు, చూసినవాళ్లు 81 శాతం కరెక్ట్ అనుకుంటారు, అది కాదు. ఒకరి కిడ్నీ ముందు పోయి ఇంకొకరిది తర్వాతదాకా నడిచిన జంటల్ని తీసుకుంటే, వందలో 81 జంటల్లో ముందు పోయినవాళ్లకే మోడల్ ఎక్కువ రిస్క్ చూపించింది అని మాత్రమే. వరస పెట్టడం వేరు, ఈ పిల్లాడికి ఏడేళ్లలో పోయే ఛాన్స్ 20 శాతం అని చెప్పడం వేరు, రెండోది నమ్మాలంటే 20 శాతం అని చెప్పిన వందమందిలో నిజంగా ఇరవైమందికి పోయిందా అని చూడాలి, ఒక దేశంలో సరిపోయింది ఇంకో దేశంలో సరిపోకపోవచ్చు. మెషిన్ లెర్నింగ్ వస్తే ఇవన్నీ తేలిపోతాయని ఆశపడ్డవాళ్లు ఉన్నారు, 2023లో అదే పారిస్ గ్రూప్ రకరకాల మెషిన్ లెర్నింగ్ పద్ధతుల్ని కాక్స్ మోడల్ అనే పాత స్టాటిస్టిక్స్ పద్ధతితో పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తవి ఏమీ మెరుగ్గా చేయలేదు. ఆశ్చర్యం ఏం లేదు, లోటు లెక్క కట్టే పద్ధతిలో లేదు, లోపలికి వెళ్లే డేటాలో ఉంది. అమెరికా లాంటి పెద్ద దేశంలో కూడా పిల్లల కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్లు ఏడాదికి వెయ్యి లోపే, వాళ్లలో రోగాలు ఇరవై రకాలు, వయసు ఒకటి నుంచి పదిహేడు, ముక్కలు చేస్తూ పోతే ఒక్కో గుంపులో మిగిలేది గుప్పెడుమందే.

కొత్త టెస్టులు కొన్ని వస్తున్నాయి. రక్తంలో తేలే డోనర్ డీఎన్‌ఏ శాతం కొలిచేది ఒకటి, మూత్రంలో సీఎక్స్‌సీఎల్10 అనే వాపు సూచన కొలిచేది ఒకటి. బయాప్సీ సూది తప్పుతుందేమో అన్న ఆశతో పిల్లల డాక్టర్లు వీటికోసం ఎదురుచూస్తున్నారు. అయితే మూత్రం ఇన్ఫెక్షన్ వచ్చినా బీకే వైరస్ వచ్చినా సీఎక్స్‌సీఎల్10 లేస్తుంది, చిన్న శరీరంలో పెద్ద కిడ్నీ ఉంటే డోనర్ డీఎన్‌ఏ శాతం మామూలుగానే వేరేగా ఉండే వీలుంది, పెద్దవాళ్లకి పెట్టిన గీతే పిల్లలకీ గీస్తే కుదరదు. ఇవి ఇప్పుడు నడుస్తున్న గొడవని చెప్పగలవు, పదేళ్ల తర్వాతది కాదు.

ఇంతకీ ఈ అంచనా ఎందుకు అన్నది అడగాలి. రిస్క్ ఎక్కువ అని తెలిసి చేసేది ఏమీ లేకపోతే ఆ అంకె ఇంట్లోవాళ్లకి నిద్ర పోగొట్టడం తప్ప ఇంకేం చేయదు. లెవెల్స్ ఊగుతున్నాయి అని తెలిస్తే రోజుకోసారి వేసుకునే రకం మందుకి మార్చొచ్చు, కొత్త యాంటీబాడీ మొదలైంది అని తెలిస్తే డోసు సరిచేయొచ్చు, జీఎఫ్‌ఆర్ మెల్లగా దిగుతోంది అని తెలిస్తే డయాలసిస్ దాకా రాకుండా రెండో ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందే సిద్ధం కావొచ్చు. అందుకే ఒక్కసారి చెప్పి వదిలేసే ప్రిడిక్షన్ కంటే, ప్రతి ఆరునెలలకీ కొత్త అంకెలతో మార్చి రాసే ప్రిడిక్షనే పిల్లలకి పనికొచ్చేది.

అయినా మొదటిరోజే తీసుకోక తప్పని నిర్ణయం ఒకటుంది, అమ్మ కిడ్నీ ఇప్పుడు వాడాలా, లేక ఇప్పుడు వెయిటింగ్ లిస్ట్‌లో వచ్చిన కిడ్నీ పెట్టించి అమ్మది రెండోసారికి దాచుకోవాలా అని. దాచుకుందాం అంటే పదిహేనేళ్లకి అమ్మకి యాభై వస్తాయి, అప్పటికి బీపీయో షుగరో వస్తే ఇవ్వడానికే కుదరదు, పిల్లకి యాంటీబాడీలు పుట్టి ఉంటే అమ్మ కిడ్నీయే సరిపడకపోవచ్చు. అందుకని చాలామంది డాక్టర్లు మంచిదాన్ని ముందే వాడమంటారు, లిస్ట్‌లో పిల్లలకి తొందరగా దొరికే దేశాల్లో మాత్రం అటువైపు వాదన కూడా గట్టిగానే ఉంది. 2014లో లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్‌ఏలో ఒక తాతగారు దీనికి ఇంకో దారి కనిపెట్టారు. నాలుగేళ్ల మనవడికి కిడ్నీ పది పదిహేనేళ్లలో అవసరం పడుతుంది, అప్పటికి తన వయసు దాటిపోతుంది, అందుకని తన కిడ్నీ ఇప్పుడే తెలియని మనిషికి ఇచ్చేసి, మనవడికి అవసరమైనప్పుడు ఇంకొకరి కిడ్నీకి ప్రాధాన్యం వచ్చేలా వోచర్ రాయించుకున్నారు. అలా మొదలైన వోచర్ పద్ధతి తర్వాత అక్కడ చాలా హాస్పిటళ్లకి పాకింది. వోచర్ ఉన్నంతమాత్రాన కిడ్నీ గ్యారంటీ అని ఎవరూ రాసివ్వరు, సరిపడేది దొరికితే ముందు వరసలో ఉంటారు, అంతే.